ఉప్పు టీ, వోల్గా ఇవతలి గట్టు

మా అమ్మాయి పురుడు పోసుకుని ఇంట్లో ఉంది. మొన్న పొద్దున మా అమ్మ సాన ముందేసుకుని మునిమనవడికని జాజికాయ అరగదీస్తోంది. "పసిగుడ్డుకి అవన్నీ ఎందుకమ్మా" అని డాక్టరమ్మ గొంతు పెట్టి అనబోయాను. పక్కన స్టవ్ మీద పాలు కాగుతున్నాయి. రెండు వాసనలూ కలిసి ముక్కుకి తగిలేసరికి అనాల్సిన మాట మర్చిపోయాను. పాలూ, జాజికాయా. అందులో ఇంకో నాలుగు మిరియాలూ, బిర్యానీ ఆకూ, ఉప్పూ, వెన్నా పడితే అది జొంబా. రష్యాలో ఉండే కల్మిక్ అనే జాతివాళ్ల టీ. ఎన్నేళ్లయిందో తాగి.

మెడిసిన్ నేను ఆస్త్రాఖాన్‌లో చదివాను. వోల్గా నది కాస్పియన్ సముద్రంలో కలిసే చోట ఉండే ఊరు. సోవియట్ యూనియన్ ముక్కలైపోయిన కొత్తలో, గుంటూరు జిల్లా నుంచి ఓ ఆడపిల్లని అంత దూరం పంపడం మా బంధువుల్లో పెద్ద చర్చే. హాస్టల్లో నా గదిలో ఒక కల్మిక్ అమ్మాయి ఉండేది. మొదటిరోజు చూసి చైనా పిల్ల అనుకున్నాను. నేనే కాదు, బజార్లో పుచ్చకాయలమ్మే ముసలమ్మ కూడా అలాగే అనుకుని అడిగేది. తను విసుక్కోకుండా, "ఇక్కడిదాన్నే బాబుష్కా, నాలుగొందల ఏళ్ల బట్టీ ఇక్కడే" అనేది. మంచం పైన గోడకి దలైలామా ఫొటో, దాని పక్కనే ఒక రాక్ బ్యాండ్ పోస్టరు. రష్యన్ తప్ప ఇంకో భాష రాదు. అప్పట్లో అది నాకు వింతగా తోచలేదు.

హాస్టల్ వంటగది అందరికీ ఒక్కటే. నేను చింతపండు పులుసు పెడితే కారిడార్ అంతా తుమ్ములు. తను టీ పెడితే మా ఇండియా పిల్లలంతా ముక్కు మూసుకునేవాళ్లు. టీలో ఉప్పేంటి, వెన్నేంటి అని. నాకు మాత్రం చలికాలం మొదలవగానే అదే అలవాటైపోయింది. బయట మైనస్ ఇరవైలో నది మీదనుంచి గాలి కొడుతుంటే చక్కెర టీ ఎందుకూ పనికిరాదు.

కానీ అసలు జొంబా రుచి తెలిసింది సెలవులకి వాళ్ల కల్మికియా రిపబ్లిక్ రాజధాని ఎలిస్టా వెళ్లినప్పుడు, వాళ్ల నాయనమ్మ చేతి మీద.

*

ఆస్త్రాఖాన్ నుంచి ఎలిస్టాకి సుమారు మూడొందల కిలోమీటర్లు. షేర్ వ్యాన్లలో వెళ్లేవాళ్లం. ఊరు దాటగానే చెట్టన్నది కనిపించదు. కంటికి అడ్డమొచ్చేది ఏదీ లేదు. గడ్డి, ఇసుక, అక్కడక్కడా ఉప్పు పేరుకుపోయిన తెల్లటి చెలమలు. కిటికీ తీస్తే మాచిపత్రి లాంటి చేదు వాసన. ఆ మైదానాన్ని చూస్తే నాకు మొదట్లో భయమేసేది. తనకేమో నిద్రొచ్చేది. మధ్యలో యష్కుల్ అనే ఊళ్లో వ్యాన్ ఆపేవాళ్లు, పిండి ముద్దల్లో మాంసం కూరి ఉడికించిన బెర్గులు తినడానికి.

వాళ్ల నాయనమ్మని ఇంట్లో అందరూ ఏజ్ అని పిలిచేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను. పొట్టి మనిషి, తలకి ఎప్పుడూ రుమాలు. నన్ను చూడగానే రెండు చేతులతో నా చేతులు పట్టుకుని "మెండ్, క్యూకెన్" అంది. క్యూకెన్ అంటే అమ్మాయీ అని. ఆ తర్వాత రష్యన్‌లోకి దిగింది. సైబీరియా పల్లెటూరి రష్యన్ అది, నా పుస్తకాల రష్యన్‌కి సగమే అందేది.

ఆవిడ టీ పెట్టడం చూడాలి. టీ ఆకు పొడిగా ఉండదు. అచ్చు పోసి గట్టిగా అదిమిన పలక. కత్తి పిడితో కొట్టి ఓ ముక్క విరిచి, నీళ్లలో వేసి నల్లగా మరిగేదాకా ఉంచుతుంది. తర్వాత పాలు. తర్వాత ఉప్పు. ఇక అక్కడినుంచి గరిటతో తీసి ఎత్తు నుంచి పోయడం, మళ్లీ తీయడం, మళ్లీ పోయడం. ఎంతసేపు? నేను ఒకసారి విసుగొచ్చి కూర్చున్నాను, ఆవిడ మాత్రం ఆపలేదు. చివర్లో జాజికాయ కోరి, వెన్న ముద్ద వదిలేది. ఆ వంటగదిలో అద్దాలన్నీ ఆవిరి పట్టేవి. మొదటి గరిట మనుషులకి కాదు. చిన్న గిన్నెలో పోసి బుద్ధుడి పటం ముందు పెట్టాలి, దాన్ని దేజ్ అంటారు. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లకి, ఆ తర్వాతే మనకి. నంజుకోవడానికి బోర్త్సుగ్. మైదాతో మన గవ్వలు చేసినట్టే, కాకపోతే తీపి పెద్దగా ఉండదు, ఆకారాలు రకరకాలు.

"మీ బుద్ధుడు మా ఊరివాడే" అని నేను జోకు వేశాను ఓసారి. ఏజ్ నవ్వలేదు. అమరావతి పక్కన మా ఊరని చెబితే, దీపం వైపు తిరిగి చేతులు జోడించింది. బుద్ధుడు కాలచక్రం అనే బోధ చేసింది శ్రీధాన్యకటకంలో, అంటే అమరావతిలోనే అని వాళ్ల నమ్మకం. మేం చిన్నప్పుడు స్కూల్ పిక్నిక్‌కి వెళ్లి పులిహోర పొట్లాలు విప్పిన స్తూపం అది. ఆవిడకి ఆ సంగతి చెప్పలేకపోయాను.

*

ఇంతకీ వీళ్లు అక్కడికి ఎలా వచ్చారు? వాళ్ల ఇంట్లో ఇది భోజనాల దగ్గర వాదన. ఏజ్ పుట్టింటివాళ్లది దొర్‌బెత్ తెగ, మా రూమ్మేట్ వాళ్లమ్మది తోర్గుత్ తెగ. ఎవరి తాతలు ముందొచ్చారని అత్తాకోడళ్లు సరదాగా పోట్లాడుకునేవాళ్లు.

అసలు వీళ్లంతా ఒయిరాత్‌లు. పడమటి మంగోలులు. చెంఘీజ్ ఖాన్ వంశం పాలించిన తూర్పు మంగోలులతో వీళ్లకి పెద్దగా పొత్తు కుదరలేదు. ఇప్పటి చైనాలోని షిన్‌జియాంగ్ ఉత్తర భాగం, పడమటి మంగోలియా, ఇవీ వీళ్ల పాత నేలలు. పదిహేడో శతాబ్దం మొదట్లో గడ్డి కోసం, లోపలి కలహాలు భరించలేక, తోర్గుత్ నాయకుడు ఖో ఓర్లుక్ వెంట గుంపులు గుంపులుగా పడమటికి నడిచారు. 1630 ప్రాంతానికి వోల్గా దిగువకి చేరారు. పశువులూ, గుడారాలూ, దేవుళ్లూ అన్నీ వెంటబెట్టుకునే. వాళ్ల లిపి కూడా, 1648లో జయ పండితుడనే ఒయిరాత్ లామా తయారుచేసింది, తర్వాత వెనకాలే వచ్చింది. ఆయుకా ఖాన్ కాలంలో రష్యా జార్ పీటర్ కూడా వీళ్ల గుర్రపు దళాలకి మర్యాద ఇచ్చేవాడు.

తర్వాత మర్యాద తగ్గింది, మేత భూముల్లోకి రష్యన్, జర్మన్ రైతులు వచ్చిపడ్డారు. 1771 జనవరిలో ఉబాషి ఖాన్ ఇంక చాలనుకుని తూర్పుకి మళ్లాడు. లక్షన్నరకి పైగా జనం, పశువులతో సహా, మంచులో బయల్దేరారు. దారిలో చలి, ఆకలి, కజాఖ్‌ల దాడులు. గమ్యం చేరినవాళ్లు సగం కూడా లేరు. చేరాక అక్కడ ఉన్నదేమిటి? సొంత ఒయిరాత్ రాజ్యాన్ని చైనా చక్రవర్తులు అంతకు పదిహేనేళ్ల ముందే నాశనం చేసి పెట్టారు. వాళ్ల సంతతి ఇప్పటికీ షిన్‌జియాంగ్‌లో ఉంది.

మిగిలిపోయిన వాళ్ల కథ మా రూమ్మేట్ వాళ్ల నాన్న భలే చెప్పేవాడు. ఆ ఏడు వోల్గా సరిగా గడ్డకట్టలేదట. పడమటి గట్టున ఉన్నవాళ్లు దాటలేక ఆగిపోయారట. "నీళ్లు గడ్డకట్టకపోవడం వల్ల పుట్టిన జాతి మాది" అని గ్లాసు ఎత్తేవాడు. చరిత్రకారులు ఇంకా చాలా కారణాలు చెబుతారు, ఎవరు ఉబాషి మాట విన్నారు, ఎవరు వినలేదు అని. ఆయనకి మాత్రం నది చాలు.

ఆస్త్రాఖాన్‌కి ఎగువన రెచ్నోయె అనే పల్లెలో ఒక పాత కల్మిక్ గుడి ఉంది. వేసవిలో బస్సెక్కి చూడ్డానికి వెళ్లాం. నెపోలియన్ మీద యుద్ధంలో కల్మిక్ రెజిమెంట్లు పారిస్ దాకా వెళ్లాయి. ఆ గెలుపు గుర్తుగా త్యుమెన్ అనే రాజు కట్టించిన గుడి. పీటర్స్‌బర్గ్‌లోని పెద్ద చర్చిని చూసి రెండు పక్కలా స్తంభాల వరసలు పెట్టించాడు. మేం చూసేసరికి ఆ స్తంభాల్లేవు. నడిమి గోపురం ఒక్కటే మిగిలింది, గోడల సందుల్లో పావురాలు. సోవియట్ కాలంలో గిడ్డంగిగా వాడారని పల్లెవాళ్లు చెప్పారు. మా రూమ్మేట్ చెప్పులు విప్పి మూడుసార్లు చుట్టూ తిరిగింది. ముళ్లగడ్డి కాళ్లకి గుచ్చుకుంటున్నా ఆగలేదు. గుళ్లూ గోపురాలూ పట్టని మనిషి అనుకునేదాన్ని అప్పటిదాకా.

*

డిసెంబర్ 28న ఆ ఇంట్లో టీవీ పెట్టరు. మొదటిసారి నాకు తెలియక, చలికాలం సెలవుల హుషారులో ఏదో పాట పాడుకుంటూ వంటగదిలోకి వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. ఏజ్ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, తనంతట తనే మొదలుపెట్టింది.

అప్పుడు ఆవిడకి పదమూడేళ్లు. 1943. తండ్రి యుద్ధంలో ఉన్నాడు, ఎర్ర సైన్యంలోనే. తెల్లారకుండానే సైనికులు తలుపు కొట్టారు. కాగితం చదివారు. సర్దుకోమన్నారు. తల్లికి ఏం తీసుకోవాలో తోచక గోడ మీది పటం, కుట్టు మిషన్ తల పట్టుకుందట. ఒక కుర్ర సైనికుడు మెల్లిగా, "అవన్నీ వదిలెయ్యమ్మా, వెచ్చని బట్టలు, మాంసం పెట్టుకో" అన్నాడట. ఆ కుర్రాడి మాట వల్లే బతికామని ఏజ్ చెప్పేది. లారీ ఎక్కాక వెనక్కి తిరిగితే పాలు పితకని ఆవులు అరుస్తున్నాయి. కుక్కలు లారీ వెంట పడ్డాయి.

పశువుల్ని తోలే రైలు పెట్టెలు. రెండు వారాలకి పైనే ప్రయాణం. చనిపోయినవాళ్లని బండి ఆగినచోట మంచులో దించేసేవాళ్లు. ఆవిడ చెల్లెలు అలాగే. ఏ స్టేషనో కూడా తెలియదు. ఆ మాట చెబుతున్నప్పుడు ఏజ్ గొంతులో తేడా లేదు, చేతిలోని గరిట మాత్రం కదలడం మానేసింది.

తొంభై మూడు వేలకు పైగా జనాన్ని కొన్ని రోజుల్లో సైబీరియాకి తరలించేశారు. జర్మన్లు 1942లో కొన్ని నెలలు ఆ ప్రాంతాన్ని పట్టుకున్నప్పుడు కొందరు వాళ్లతో చేరారన్నది నేరారోపణ. చేరినవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ అదే సమయంలో వేలమంది కల్మిక్‌లు ఎర్ర సైన్యంలో పోరాడుతున్నారు, దోన్ నది దగ్గర ఒక కల్మిక్ అశ్వదళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వాళ్లనీ వదల్లేదు. యుద్ధరంగం నుంచి వెనక్కి లాగి ఉరల్ కొండల్లో ఆనకట్ట పనికి తోలారు. ఏజ్ తండ్రి అక్కడే పోయాడు. రిపబ్లిక్‌ని రద్దు చేసి ముక్కలు చేసి పక్క ప్రాంతాలకి పంచేశారు. ఎలిస్టా పేరు కూడా తీసేసి స్తెప్నోయ్ అన్నారు.

సైబీరియా పల్లెలో వీళ్లు దిగకముందే "నరమాంసం తినేవాళ్లు వస్తున్నారు" అని పుకారు పాకిందట. కొన్ని నెలలకి పొరుగింటి ఆవిడే బంగాళదుంపలు ఇచ్చింది, నూలు వడకడం నేర్పింది. నెలనెలా అధికారి ముందు సంతకం పెట్టాలి. ఊరు దాటితే జైలు. 1948లో శాశ్వతంగా ఇక్కడేనని కాగితం కూడా ఇచ్చారు. స్టాలిన్ పోయాక, 1957లో గానీ వెనక్కి రానివ్వలేదు. ఏజ్ పదమూడేళ్లకి వెళ్లి, చంకలో పిల్లాడితో తిరిగొచ్చింది. ఆ పిల్లాడే వోల్గా కథ చెప్పే మా రూమ్మేట్ తండ్రి. ఆయనకి కల్మిక్ అర్థమవుతుంది, జవాబు మాత్రం రష్యన్‌లో ఇస్తాడు. మనవరాలికి అదీ లేదు. పదమూడేళ్లు బళ్లో, వీధిలో నోరు మూసుకుని బతికిన భాష తిరిగొచ్చాక కూడా వంటగది దాటలేదు. ఒక్కోసారి ఏజ్ తనలో తను ఏదో గొణిగితే, అదేంటో మనవరాలికీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. ఇద్దరం ఒకేలా మొహాలు చూసుకునేవాళ్లం.

*

అన్నీ ఇలాంటివే కాదు. నవ్వుకున్నవి కూడా చాలా ఉన్నాయి.

డిసెంబర్లో జూల్ పండగ వస్తుంది. దీపాల పండగే గానీ మన దీపావళిలా కాదు. ఆ రోజు కల్మిక్‌లందరికీ ఒకేసారి ఒక ఏడు వయసు పెరుగుతుంది. నిన్న పుట్టిన బిడ్డకైనా సరే. పిండితో ప్రమిదలు చేసి, గడ్డి పరకలకి దూది చుట్టి వత్తులుగా గుచ్చి, వయసుకి ఒకటి ఎక్కువ లెక్కన వెలిగిస్తారు. ఏజ్‌ ప్రమిదలో వత్తులు పట్టక రెండోది చేయాల్సి వచ్చింది. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి త్సగాన్ సార్, చలికాలం పోయిందని పండగ. ఆ రోజు పలకరింపు, "చలికాలం నుంచి క్షేమంగా బయటపడ్డావా?" అని. ఆ చలి చూసినవాళ్లకి ఇది ఊరికే అడిగే మాట కాదని తెలుస్తుంది.

వాళ్ల బాబాయి యష్కుల్ అవతల గొర్రెలు కాసేవాడు. గడ్డి మైదానం మధ్యలో ఒక ఇల్లు, ఒక బావి, ఒక పాత మోటార్ సైకిల్. గుర్రం ఎందుకు లేదని అడిగితే, "దానికి పెట్రోలు కంటే ఖర్చు" అన్నాడు. ఆయనకి సోవియట్ ప్లానింగ్ మీద ఉన్న కోపం అంతా ఇంతా కాదు. పూర్వం వాళ్లవి కొవ్వు తోక గొర్రెలు, ఒంటెలు. నేలని పాడుచేయవు. ఉన్ని కోసమని మెరినో గొర్రెల్ని లక్షల్లో దించారు. వాటి పదునైన గిట్టలకి, మేతకి గడ్డి వేళ్లతో సహా పోయి ఇసుక లేచింది. ఐరోపాలో మనుషులు తయారుచేసిన మొదటి ఎడారి అని 'నల్ల నేలలు' అనే ఆ ప్రాంతానికి పేరొచ్చింది. బాబాయి చిన్నప్పుడు సైగా జింకల మంద పోతుంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దుమ్ము ఆగేది కాదట. నేను చూసినప్పుడు దూరంగా ఓ పది ఉన్నాయేమో. వేలాడే ముక్కుతో, తల వంచుకుని, గాలిలా పోయాయి. కొమ్ముల కోసం వేటగాళ్లు మగవాటిని మోటార్ సైకిళ్ల మీద తరిమి చంపుతున్న రోజులవి. ఆ కొమ్ములు చైనా మందుల దుకాణాలకి. జీతాలు నెలల తరబడి రాకపోతే మనిషి జింకనే చూస్తాడు మరి.

జీతాల మాటొస్తే ఇంకోటి. 1998లో రూబుల్ కుప్పకూలిన నెలన్నరకే ఎలిస్టాలో చెస్ ఒలింపియాడ్ జరిగింది. అప్పటి కల్మికియా అధ్యక్షుడు ఇల్యుంజినోవ్‌కి చెస్ పిచ్చి, అప్పట్లో ప్రపంచ చెస్ సంఘానికీ ఆయనే అధ్యక్షుడు. ఊరి చివర మైదానంలో విదేశీ కాలనీ లాంటిది, 'చెస్ నగరం', కట్టించాడు. రూమ్మేట్ వాళ్లమ్మ టీచరు. జీతం లేదు, బళ్లో చెస్ పాఠం మాత్రం ఉంది. ఆవిడ ఆ కొత్త ఇళ్లని చూసి ఉమ్మేసినంత పని చేసింది. నాకూ మనసొప్పలేదు. అయినా ఇండియా జట్టు వచ్చిందని తెలిసి చూడ్డానికి మేమిద్దరం పరిగెత్తాం. ఆ తర్వాత 2004లో మన కోనేరు హంపి అదే ఎలిస్టాలో ప్రపంచ మహిళల చాంపియన్‌షిప్‌లో సెమీఫైనల్ దాకా ఆడినప్పుడు, గుంటూరులో పేపర్ చదువుతూ ఆ ఊరి పేరు నేనొక్కదాన్నే సరిగ్గా పలికాను.

*

2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర జరిపారు. రూమ్మేట్ ఎలిస్టా వాళ్ల బృందంతో వచ్చింది. నేను అప్పటికి గుంటూరులో ప్రాక్టీసు పెట్టాను. ఆ గుంపులో పడి వెతికి పట్టుకునేసరికి ప్రాణం పోయింది. టిబెటన్లు, భూటాన్ వాళ్లు, మంగోలియా వాళ్లు, కృష్ణ ఒడ్డున గుడారాల ఊరు లేచింది. తను స్తూపం ముందు సాష్టాంగాలు పెడుతూ మోకాళ్లు కొట్టుకుపోయి ఉంది. మా ఇంటికి తీసుకొచ్చాను. మా అమ్మ చేసిన గోంగూర పచ్చడి తిని కళ్లనీళ్లు పెట్టుకుంది, కారానికి. అప్పుడే చెప్పింది, ఏజ్ ముందటి ఏడు పోయిందని. ఎలిస్టా నడిబొడ్డున కొత్త గుడి 2005 డిసెంబర్లో తెరిచారు. ఏజ్ గోడలు లేస్తుండగా చూసింది, లోపలికి వెళ్లలేకపోయింది.

కొన్నేళ్లకి నేనూ వెళ్లి చూశాను. తెల్లగా, ఊళ్లో ఎక్కడినుంచైనా కనబడుతుంది. చుట్టూ చిన్న మంటపాల్లో నలందా ఆచార్యుల విగ్రహాలు, పదిహేడు. అందులో నాగార్జునుడు. మన నాగార్జునకొండ నాగార్జునుడే. చలికి కోటు బొత్తాలు పెట్టుకుంటూ ఆ విగ్రహం ముందు నిలబడ్డాను. పక్కన ఓ కుర్రాడు అతని గురించి తన గర్ల్‌ఫ్రెండ్‌కి రష్యన్‌లో లెక్చర్ ఇస్తున్నాడు, సగం తప్పులే. నేను కల్పించుకోలేదు. మర్నాడు ఊరి బయట నెయిజ్వెస్త్నీ అనే శిల్పి చేసిన, సైబీరియా తరలింపు స్మారకం దగ్గరికి వెళ్లాం, కంచుతో చేసిన ముద్ద అది, దాని పక్కన పట్టాల ముక్క మీద నిజమైన పశువుల పెట్టె. రూమ్మేట్ ఆ పెట్టె లోపలికి ఎక్కింది. నేను ఎక్కలేదు.

ఇప్పుడు రష్యాలో కల్మిక్‌లు లక్షా ఎనభై వేల లోపు. భాష ప్రమాదంలో ఉందని యునెస్కో జాబితాలో రాశారు. రూమ్మేట్ కొడుకు కాలేజీలో ఉండగా డొంబ్రా పట్టుకుని జంగర్ పాడటం నేర్చుకున్నాడు. జంగర్ వాళ్ల వీరగాథ. అందులో బుంబా అనే దేశం, అక్కడ చలికాలం లేదు, చావు లేదు, అందరికీ ఎప్పటికీ ఇరవై అయిదేళ్లే. వాడు మాటలు బట్టీ పట్టి పాడాడు, అర్థం అడిగితే సగానికి చేతులెత్తేశాడు. వాళ్ల తాత వింటూ మధ్యమధ్య సరిచేశాడు.

2022లో యుద్ధం మొదలయ్యాక, సెప్టెంబర్లో కుర్రాళ్లని సమీకరిస్తున్నామని ప్రకటన వచ్చాక, వాడు మంగోలియా వెళ్లిపోయాడు. చాలామంది వెళ్లారు. యుద్ధం తప్పని అన్న వాళ్ల ప్రధాన లామా తెలో తుల్కు రింపోచేని కూడా 2023లో 'విదేశీ ఏజెంట్' అని ముద్ర వేశారు, ఆయన పదవి వదులుకున్నారు. ఫిలడెల్ఫియాలో పుట్టి, మన కర్ణాటకలోని టిబెటన్ మఠంలో చదువుకుని, కుర్రతనంలోనే ఎలిస్టా వచ్చి గుళ్లన్నీ మళ్లీ నిలబెట్టిన మనిషి ఆయన.

ఆ పిల్లాడు ఉలాన్‌బాతర్‌లో కంప్యూటర్ పని చేసుకుంటున్నాడు. నాలుగొందల ఏళ్ల తర్వాత తూర్పుకి వెళ్లినా అక్కడి మంగోల్ భాష వాడికి వేరుగానే ఉంది. దుకాణంలో రష్యనో ఇంగ్లీషో మాట్లాడి గడిపేస్తాడు. ఆ జాజికాయ వాసన వచ్చిన రోజే వాళ్లమ్మకి ఫోన్ చేశాను. నా మనవడి ఫొటోలు చూసింది, దేజ్ పెడతానంది. కొడుకు రమ్మంటున్నాడట.

"మరి నువ్వూ వెళ్తావా?" అన్నాను.

"మావాళ్లు ఎప్పుడు కదిలినా సగంమంది నదికి ఇవతలే ఉండిపోతారు కదా. నన్ను ఆ సగంలో రాసుకో" అంది. తర్వాత ఎలిస్టా కుళాయి నీళ్లు ఎంత ఉప్పగా వస్తున్నాయో తిట్టుకుంటూ చాలాసేపు మాట్లాడింది.